బరువు బండికి క్లచ్ జబ్బు: గేరుబాక్సు దింపకముందు చూడవలసినవి

కూరగాయలు పండించు రైతులకు నేడు పికప్ బండి ఎడ్లజతవలె అవసరమైనది. శంకరపల్లి, చేవెళ్ల ప్రాంతములనుండి ఎర్రగడ్డ రైతుబజారుకు సరుకు తెచ్చువారిలో పలువురు పదునైదు, ఇరువది సంవత్సరములు నడచిన పాత బండ్లనే వాడుచున్నారు. అట్టి బండి దారిలో నిలిచినచో నష్టము మరమ్మతు ఖర్చుతో తీరదు. తొట్టిలోనున్న కొత్తిమీర, పాలకూర మధ్యాహ్నమునకు వాడిపోవును. మరునాటి బేరము కూడ చెడును. పాత బండ్లలో తరచుగా అనుమానమునకు గురియగు భాగము క్లచ్. దానిని గూర్చి రైతు తానై ఏమేమి పరీక్షించుకొనవచ్చునో ఇచ్చట వివరించుచున్నాను. నేను సస్యశాస్త్రము బోధించువాడనేగాని యంత్రశాస్త్రజ్ఞుడను కాను. అయినను మా ఇంటి బండి వలన నాకు ఈ విషయమున కొంత పరిశ్రమ కలిగినది.

2023వ సంవత్సరము వర్షకాలమున ఒకనాటి తెల్లవారుజామున నేనును మా తమ్ముడును టమాట పెట్టెలు, కొత్తిమీర కట్టలు వేసికొని మాదాపూరు, పర్వతనగరు మీదుగా బోరబండ చేరి, మోతీనగరు దారిన ఎర్రగడ్డకు పోవుచుంటిమి. రైలులో హైటెక్ సిటీకి తరువాతి స్టేషనే బోరబండ. కాని అద్దాల మేడలు దాటి ఇటు వచ్చుసరికి ఇరుకు దారులు, ఎత్తుపల్లములు. చడావు మీద బండి ఆగినది. మరల కదలించుటకు మొదటి గేరు పడలేదు. పెడలు నేలకు ఆనిపోవుచున్నది, గేరు కరకరమనుచున్నది. వెనుకనుండి హారన్లు. నలుగురు త్రోసి ప్రక్కకు చేర్చిరి. దగ్గరలోని మెకానిక్కు ఒకసారి గేరు కదిపి చూచి, “ప్లేటు ఖతమయింది సార్, గేరుబాక్సు దింపాలె” అన్నాడు. దింపించితిమి. రెండు దినములు, 14,000 రూపాయలు ఖర్చైనవి. టమాట ఆటోలో పోయినది, కొత్తిమీర పారవేసితిమి.

మూడవ దినమున మరల అదే చడావు మీద అదే జబ్బు.

ఈమారు మా తమ్ముడు వేరొక షెడ్డునుండి పెద్దవయస్సు మెకానిక్కును పిలిపించినాడు. ఆయన స్టీరింగు ముట్టలేదు. బానెట్టు ఎత్తి బ్రేకు ఆయిలు డబ్బా చూచినాడు, అడుగంటియున్నది. పిమ్మట గోనెసంచి పరచుకొని క్రింద దూరి, టార్చి వేసి గేరుబాక్సు ప్రక్కనున్న చిన్న సిలిండరు రబ్బరు తొడుగును వ్రేలితో ఎత్తినాడు. లోపల తడి. రబ్బరు వాషర్లు మార్చి, గాలి తీయుటకు ఒక గంట పట్టినది. ఖర్చు 600 రూపాయలు. మొదటి మెకానిక్కు గేరుబాక్సు దింపి ఎక్కించునపుడు డబ్బాలో కొత్త ఆయిలు పోసి గాలి తీసినాడు గనుక బండి రెండు దినములు బాగుగా నడచినదేగాని, అసలు జబ్బు మొదటినుండియు ఆ వాషరులోనే ఉండెను. తీసివేసిన పాత ప్లేటును నేను ఇంటికి తెచ్చి చూచితిని. దానిపై ఇంకను చాలినంత మందము కలదు.

ఆకులు పసుపుబారిన చేనును చూచి వెంటనే యూరియా చల్లువారిని మేము వారించుచుందుము. ముదురాకులలో మొదలైనచో నత్రజని లోపమని, లేతాకులలో మొదలైనచో ఇనుము లోపమని అనుమానింపవలెను. నీరు నిలిచినను, వేరు కుళ్లినను ఆకు పసుపగును. క్లచ్ సంగతియు ఇట్టిదే. “క్లచ్ పోయినది” అనుమాటలో నాలుగు వేరు వేరు జబ్బులు కలవు. ఏది యనునది మొదట తేల్చుకొనవలెను.

క్లచ్ చేయు పని

ఇంజను వెనుక ఫ్లైవీలు అను బరువైన చక్రము తిరుగుచుండును. దానికి ఎదురుగా ప్రెషర్ ప్లేటు బిగింపబడియుండును. ఈ రెంటి నడుమ క్లచ్ ప్లేటు ఉండును. దీనికి రెండు వైపుల ఘర్షణపు పూత రివిట్లతో అతికింపబడియుండును. మధ్యభాగము గేరుబాక్సు ఇరుసుపై కూర్చుండును. పెడలుపై కాలు లేనపుడు స్ప్రింగు బలముచే ప్రెషర్ ప్లేటు ఈ క్లచ్ ప్లేటును రొట్టెలను అదిమినట్లు ఫ్లైవీలుకు అదిమిపట్టును. ఇంజను బలము చక్రములకు చేరును. పెడలు త్రొక్కినపుడు రిలీజు బేరింగు ముందుకు పోయి స్ప్రింగును నెట్టగా పట్టు విడిపోవును. అపుడు గేరు మార్చవచ్చును.

ఇందు మనస్సున ఉంచుకొనవలసిన కొలత ఒకటి కలదు. పెడలు నాలుగైదు అంగుళములు దిగినను లోపల ప్లేటుకు దొరకు సందు ఇంచుమించు ఒక మిల్లీమీటరు మాత్రమే. కాబట్టి కేబులు కొంచెము సాగినను, ఆయిలు గొట్టములో చిన్న గాలిబుడగ చేరినను ఆ సందు మాయమగును. మా బండి విషయమున జరిగినది ఇదే.

ఘర్షణపు పూత కథ వినదగినది. ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనునతడు 1897లో ఈ పరిశ్రమను ప్రారంభించెను. కొండ దారులలో బండివాండ్రు పాత బూట్లను బ్రేకు దిమ్మెలకు తగిలించి బండ్లను ఆపుటను చూచి ఆయనకు ఈ ఊహ తట్టినదని చెప్పుదురు. ఫెరోడో అను పేరుగల బ్రేకు, క్లచ్ సామగ్రి ఆయన స్థాపించిన సంస్థదే.

జారుచున్న క్లచ్

మొదటి జబ్బు జారుట. యాక్సిలరేటరు త్రొక్కగా ఇంజను గోల హెచ్చును, బండి వేగము మాత్రము హెచ్చదు. బరువు వేసినపుడు, ఎత్తు ఎక్కునపుడు, పై గేరులో ఉన్నపుడు ఇది ముందుగా బయటపడును. ఖాళీ బండిని చదును దారిలో నడిపి “బాగుగానే ఉన్నది” అనుకొనుట పొరపాటు. కొంతసేపటికి కాలిన కాగితము వంటి కమురువాసన వచ్చును.

పలువురు ఇంజను బలహీనతను జారుటగా భ్రమపడుదురు. రెంటికిని తేడా చెవితోనే తెలియును. ఎత్తు ఎక్కునపుడు వేగము తగ్గుచుండగా ఇంజను చప్పుడు కూడ బరువెక్కి తగ్గుచున్నచో లోపము ఇంజనులోనే కలదు. ఎయిరు ఫిల్టరు దుమ్ముతో మూసికొనిపోయినదేమో, డీజిలు ఫిల్టరులో నీరు చేరినదేమో చూడవలెను. బ్రేకు విడువక చక్రమును పట్టియుంచినను బండి ఇట్లే ఈడ్చును. కొంత దూరము నడిపి ఆపి, చక్రముల మధ్యభాగమునకు అరచేతిని దగ్గరగా ఉంచినచో ఏది మిక్కిలి వేడెక్కినదో తెలియును. తాకరాదు, చేయి కాలును. వేగము పడిపోవుచుండగా ఇంజను చప్పుడు మాత్రము పైకి లేచినచో జారుచున్నది క్లచ్చే.

నిలిపియుంచి చేయు పరీక్ష ఒకటి కలదు. బండిని చదునైన, ఖాళీ స్థలమున నిలిపి చక్రములకు ముందు వెనుకల రాళ్లు పెట్టి హ్యాండుబ్రేకు గట్టిగా వేయవలెను. ముందు గాని, వెనుక గాని ఎవ్వరును నిలువరాదు. ముఖ్యముగా పిల్లలను దూరముగా ఉంచవలెను. ఇంజను నడుపుచు మూడవ గేరు వేసి, కొద్దిగా యాక్సిలరేటరు ఇచ్చి, పెడలును మెల్లగా పూర్తిగా వదలవలెను. క్లచ్ మంచిదైనచో ఇంజను కొట్టుకొని వెంటనే ఆగిపోవును. ఆగక తిరుగుచునే ఉన్నచో క్లచ్ జారుచున్నట్లే. అట్టిచో తక్షణమే పెడలు త్రొక్కి ఇంజను ఆపవలెను. ఈ పరీక్షను మరల మరల చేసినచో మిగిలియున్న పూత కూడ కాలిపోవును, ఒక్కసారి చాలును.

జారుచున్నదని తేలినను వెంటనే ప్లేటు మార్చవలెనని కాదు. కేబులు గల బండ్లలో పెడలు పైభాగమున కొంత ఖాళీ కదలిక ఉండవలెను. చేతితో నొక్కినచో సులభముగా దిగి, పిమ్మట బిగువు తగులును. ఈ ఖాళీ సాధారణముగ అరంగుళము మొదలు అంగుళము వరకు ఉండును. బండితో ఇచ్చిన పుస్తకములోని కొలతయే ప్రమాణము. ప్లేటు అరిగినకొలది ఈ ఖాళీ తరిగి, తుదకు లేకుండపోవును. అపుడు ఎవరును త్రొక్కకుండగనే పెడలు కొంత త్రొక్కినట్లుండి ప్లేటు జారును. కేబులు చివరనున్న నట్టును తిప్పి ఖాళీ ఇచ్చినచో, పూత మిగిలియున్న పక్షమున, బండి మరల కొన్ని నెలలు నడువవచ్చును. దీనికి పావుగంట పట్టును. ఆయిలుతో పనిచేయు కొన్ని బండ్లలో ఈ సవరింపు తనంత తానే జరుగును గనుక అచ్చట తిప్పవలసిన నట్టు ఉండకపోవచ్చును.

ఇంజనుకును గేరుబాక్సుకును నడుమనున్న గుండుపెట్టె అడుగుభాగమును కూడ చూడవలెను. అచ్చట ఆయిలు కారుచున్నచో అది లోపల ప్లేటుపై పడుచుండవచ్చును. నల్లగా పలుచగా ఉన్నచో ఇంజను వెనుక సీలునుండి, చిక్కగా గంధకపు వాసన గొట్టుచున్నచో గేరుబాక్సు ముందు సీలునుండి వచ్చునదని గ్రహింపవలెను. ఈ సీలు మార్చక ప్లేటు మాత్రము మార్చుట, మోటబావి గట్టున గండి పూడ్చక కాలువ బాగుచేయుట వంటిది. కొత్త ప్లేటు కూడ తడిసి నెలలలోనే జారును.

విడువని క్లచ్

రెండవ జబ్బు మొదటిదానికి సరిగా వ్యతిరేకము. పెడలు పూర్తిగా త్రొక్కినను పట్టు విడువదు. గేరు పడదు, లేదా కరకరలాడుచు పడును. ముఖ్యముగా రివర్సు మొరాయించును. నా అనుభవమున అనవసరముగా గేరుబాక్సు దింపబడునది ఎక్కువగా ఈ జబ్బుకే. ప్లేటు అరిగినచో క్లచ్ జారునేగాని విడువకుండుట అరుదు. ఈ ఒక్క ముక్క తెలిసియున్నచో నేను ఆనాడు 14,000 రూపాయలు చెల్లించియుండను.

మొదట ఇంజను ఆపి గేర్లు మార్చి చూడవలెను. ఆపినపుడు సులభముగా పడి, నడచునపుడు మాత్రము పడకున్నచో క్లచ్ విడుచుట లేదు. ఆపినపుడు కూడ పడకున్నచో లోపము గేరు కడ్డీలలోనో, గేరుబాక్సులోనో కలదు. క్లచ్ జోలికి పోరాదు. తరువాత ఇంజను మెల్లగా నడుచుచుండగా పెడలు పూర్తిగా త్రొక్కి, పదివరకు లెక్కించి రివర్సు వేయవలెను. నిశ్శబ్దముగా పడినచో క్లచ్ విడుచుచున్నది. కరకరమన్నచో పట్టు ఇంకను ఉన్నది.

ఇంతలో పాదముల క్రిందికి చూచుట మరువరాదు. చలికి, బురదకు డ్రైవర్లు పెడళ్ల క్రింద గోనెపట్ట వేసికొందురు. అది మడతపడి పెడలును పూర్తిగా దిగనీయకపోవుటయు కలదు. దీనికి మెకానిక్కు అక్కరలేదు.

ఆయిలుతో పనిచేయు క్లచ్ అయినచో పెడలును వరుసగా మూడు నాలుగుసార్లు త్రొక్కి వెంటనే గేరు వేయవలెను. అపుడు సులభముగా పడినచో గొట్టములో గాలి చేరినదనియు, ఎచ్చటనో ఆయిలు కారుచున్నదనియు దాదాపు నిశ్చయముగా చెప్పవచ్చును. డబ్బాలో మట్టము చూడవలెను. పిమ్మట రెండు తావులు వెదకవలెను: ఒకటి పెడలు వెనుక, కాలి దగ్గర గోడ వెంబడి మాస్టరు సిలిండరునుండి కారిన తడి, రెండవది గేరుబాక్సు ప్రక్క స్లేవు సిలిండరు రబ్బరు తొడుగులోపలి తడి. తొడుగు పైకి పొడిగా కనబడినను లోపల ఆయిలు నిలిచియుండును. అందుచేతనే ఆ పెద్దాయన దానిని వ్రేలితో ఎత్తి చూచినాడు. బయట ఎక్కడను తడి లేకుండ, పెడలు త్రొక్కి పట్టియుంచగా మెల్లమెల్లగా దిగిపోయి బండి ముందుకు ప్రాకుచున్నచో మాస్టరు సిలిండరులోని వాషరు లోలోపలనే ఆయిలును విడుచుచున్నదని తెలియవలెను.

డబ్బాలో బ్రేకు ఆయిలు తప్ప మరేదియు పోయరాదు. ఇంజను ఆయిలు గాని, డీజిలు గాని చెంచాడు పడినను రబ్బరు ఉబ్బి అన్ని వాషర్లును చెడును. కొన్ని బండ్లలో క్లచ్‌కును బ్రేకులకును డబ్బా ఒకటియే. అట్టి బండిలో క్లచ్ కారుచున్నపుడు ఉపేక్షించుట ప్రాణాపాయము. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును గనుక మూత తీసి నెలలు గడచిన సీసాలోనిది వాడరాదు.

కేబులు గల బండిలో ఖాళీ కదలిక హెచ్చినచో క్లచ్ విడువదు. కేబులు పోగులు ఒక్కొక్కటిగా తెగుచున్నచో పెడలు దినదినమునకు క్రిందికి దిగుచుండును. ఇది గమనించినవాడు కేబులు పూర్తిగా తెగకముందే ఇంటివద్ద మార్చుకొనును. గమనింపనివాడు నడిరోడ్డున మార్చుకొనును.

మరియొక సంగతి. పంటలు లేని రోజులలో రెండు మూడు నెలలు వానలో కదలక నిలిచిన బండిలో ప్లేటు తుప్పుపట్టి ఫ్లైవీలుకు అంటుకొనిపోవుట కలదు. పెడలు చక్కగా ఉండును, ఆయిలు నిండుగా ఉండును, పట్టు మాత్రము విడువదు. బండి నిలిచియున్న చరిత్రను మెకానిక్కుకు ముందుగా చెప్పవలెను. అనుభవము గలవాడు తరచుగా గేరుబాక్సు దింపకయే దీనిని విడిపించును.

కుదుపు, చప్పుళ్లు

కదలునపుడు బండి గజగజ వణకుట మూడవ జబ్బు. ప్లేటుపై ఆయిలు పడినను, ఫ్లైవీలు కాలి మచ్చలు తేలినను ఇట్లగును. కాని ఇంజనును మోయు రబ్బరు దిమ్మెలు చిరిగినను వణకు ఇదే తీరున ఉండును. ఇవి బయటికి కనబడును గనుక ముందు వీటిని చూడవలెను. కదలునపుడు ఒక్కసారి “టక్” మని తగిలి ఊరకుండునది క్లచ్ కాదు, ప్రొపెల్లరు షాఫ్టు జాయింటు అయియుండవచ్చును. ఇంజను ఆపి, చక్రములకు రాళ్లు పెట్టి, షాఫ్టును చేతితో అటునిటు త్రిప్పిన తెలియును.

చప్పుళ్లను పెడలుతోనే విడదీయవచ్చును. న్యూట్రల్‌లో ఉంచి వినవలెను. పెడలు త్రొక్కగా పుట్టి, వదలగా పోవు కీచుదనము రిలీజు బేరింగుది. పెడలు వదలియున్నపుడు వినవచ్చి, త్రొక్కగా అణగిపోవునది గేరుబాక్సు ముందు బేరింగుది. మొదటిది కొంతకాలము ఓర్చును, రెండవది గేరుబాక్సు విప్పవలసిన పని. ఈ తేడా చెప్పలేని రైతు ఒకదానికి బదులు మరియొకదానికి డబ్బు చెల్లించును.

షెడ్డుకు పోయినపుడు

ఇన్నియు చూచిన పిమ్మట ప్లేటే చెడినదని తేలినచో దింపింపక తప్పదు. అపుడు పిసినితనము పనికిరాదు. మజూరీలో ఎక్కువ భాగము దింపుటకు, ఎక్కించుటకే పోవును గనుక ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజు బేరింగు మూడును కలిపి మార్పించుట మేలు. ఇంజను వెనుక సీలును, ఫ్లైవీలు ముఖమును మీరే వంగి చూడవలెను. ఫ్లైవీలుపై నీలి మచ్చలు, సన్నని పగుళ్లు ఉన్నచో లేతుకు పంపవలెనో, మార్చవలెనో అడుగవలెను.

మెకానిక్కు వద్ద “క్లచ్ పోయినది” అనక, “బరువుతో ఎత్తు ఎక్కునపుడు ఇంజను లేచుచున్నది, బండి లేవదు” అనియో, “నాలుగుసార్లు త్రొక్కినచో గేరు పడుచున్నది” అనియో చెప్పవలెను. నిజాయితీ గల పనివాడు ఇట్టి మాటకు సంతోషించును. బోరబండ, సనత్‌నగరు ప్రాంతములలో చేతిపని తెలిసిన మెకానిక్కులకు కొదువలేదు. చూడకుండ దింపువారును ఉందురు, చూచి దింపువారును ఉందురు.

తీసిన పాత ప్లేటును అడిగి తీసికొనవలెను. రివిట్ల తలలు పైకి తేలియున్నచో నిజముగా అరిగినది. పూత మందముగా ఉండి ఆయిలుతో నిగనిగలాడుచున్నచో సీలు లోపము. నల్లగా మాడి పగిలియున్నచో సగము క్లచ్ మీద నడిపిన తప్పు, అనగా మనదే. పూత మందముగా, పొడిగా, శుభ్రముగా ఉన్నచో దింపవలసిన పనియే లేకుండెను. నావద్దనున్న ప్లేటు ఈ చివరి జాతిలోనిది. ఇప్పుడది మా తమ్ముని పశువుల కొట్టములో గోడకు వ్రేలాడుచున్నది.

పాత ప్లేట్ల పూతలో రాతినార, అనగా ఆస్బెస్టాసు, ఉండవచ్చును. గేరుబాక్సు విప్పినపుడు లోపలి దుమ్మును గాలిగొట్టముతో ఊదనీయరాదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడిపించి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయింపవలెను.

కొత్త ప్లేటు వేసిన పిమ్మట మొదటి కొన్ని వందల కిలోమీటర్లు పూర్తి బరువు వేయక, చడావుల మీద జాగ్రత్తగా నడుపవలెను. పూత ఫ్లైవీలుతో సమముగా కుదురుకొనుటకు ఆ వ్యవధి కావలెను. చడావు మీద ట్రాఫిక్కులో ఆగినపుడు బండిని సగము క్లచ్ మీద నిలుపక హ్యాండుబ్రేకు వేసి, న్యూట్రల్ చేసి, కాలు పెడలు మీదనుండి తీసి నేలపై ఉంచవలెను. మొదటి నెల గడచిన పిమ్మట ఖాళీ కదలికను, డబ్బాలోని ఆయిలు మట్టమును ఒకసారి కొలిచి, తేదీతోసహా బండి కాగితముల సంచిలో వ్రాసి ఉంచుకొనినచో తరువాతి అనుమానమునకు ఆ కాగితమే మొదటి సాక్షి.